ఒక అథర్ నీళ్ళు

నిజ్వా దాటాక, కొండ మలుపులో ఆ ఊరు.
ఇరవై మూడేళ్ళ కిందట మొదటిసారి పోయినప్పుడు
నా సంచిలో కొలత టేపు, ముద్రించిన కాగితాలు,
ఎకరం ఎంత అనే ఒకే ఒక్క ప్రశ్న.
సులేమాన్ బిన్ నాసర్ కహ్వా పోసి నవ్వాడు.
"దుక్తూరా, నేలకు ధరెక్కడిది?
నీళ్ళనడుగు."

ఇక్కడ నేల ఒకరిది, నీళ్ళు ఇంకెవరివో.
కొండ కడుపులోంచి వచ్చే కాలువను, ఫలజ్‌ను,
గంటలుగా కోసి పంచుకున్నారు ఎప్పుడో తాతలు.
అర గంటయితే ఒక అథర్.
పగలు కర్ర నీడ కొలిచేది, రాత్రి చుక్కలు.
ఇప్పుడు ఫోన్లు.

యజమాని పేరు అనే గడిలో
నేను రాసుకున్నవి చెబితే మావాళ్ళు నమ్మలేదు:
మసీదు దీపానికి ఒక అథర్.
రోజా విడిచే బాటసారి ఖర్జూరానికి ఒకటిన్నర.
షంసా బింత్ ఖల్ఫాన్‌కి పావు.
ఆవిడ పోయి నూరేళ్ళు దాటింది,
ఇంకా ఆమె పేరునే పారుతోంది
మేకలూ పిట్టలూ తాగే రాతి తొట్టిలోకి.

వ్యాసాలు రాశాను.
ధరలో నీటి వాటా ఇంత, ఉప్పు ఇంత, తారు రోడ్డు ఇంత,
శుక్రవారం మస్కట్ నుంచి గాలి మార్పుకి వచ్చేవాళ్ళ ముచ్చట ఇంత.
బర్కా తీరాన బావులు ఉప్పెక్కి
ఈతచెట్ల మొవ్వులు వాలిపోయాక కూడా
తోటల ధర దిగలేదు. పెరిగింది.
పండని నేలే ప్రియమని లెక్కగట్టి చెబితే
సభలో చప్పట్లు కొట్టారు.
ఎంత గట్టినా కొంత మిగిలేది.
దాన్ని శేషం అంటాం మేము;
తెలియనిదంతా అందులో పోసి మూత పెడతాం.

సులేమాన్ తోటకు నీళ్ళు కట్టేది నడిపి భూమన్న.
మల్లాపూర్ దగ్గరి పల్లె. పదకొండేళ్ళయింది.
నా పట్టికలో "కూలి: ఒకరు" అని ఉంటాడు.

ఓ సాయంత్రం మడవ దగ్గర అడిగాడు:
"మేడం, గీ తోట ఎంతకు పోతది?"
చెప్పాను. వేళ్ళ మీద గుంటల్లోకి మార్చుకున్నాడు.
"నేనొచ్చిననాడు మా కాడ గుంట ముప్పై వేలు.
రెండేండ్లు కూడబెట్టి పోతే అరవై.
మళ్లొచ్చిన, మళ్ల కూడబెట్టిన. లక్షకు మీద.
ఎవలు పెంచిన్రని అడిగితే
దుబాయోళ్లన్నరు.
దుబాయోళ్లంటే ఎవలు మేడం, నేనే గద!
నా ముంగట ఉరుకుతున్నయి నా పైసలే."

ఆరు గుంటలు కొన్నాడట మొత్తానికి.
పసుపు పెట్టిన్రని ఫోన్లో చూపించాడు,
ఆగి ఆగి కదిలే పచ్చటి ఆకులు.
నేను నోటుబుక్కు తీశాను.
రాయడానికి గడి దొరకలేదు.

పోయిన గురువారం నా ఆఖరి వేలం.
దళ్ళాల్ గుండ్రంగా తిరుగుతూ ధర అరుస్తున్నాడు.
ఎందుకో నా చెయ్యి లేచింది.
రెండు రియాళ్ళ మూడొందల బైసలు,
ఒక అథర్, శనివారం అసర్ తర్వాత.
సులేమాన్ కొడుకు తల తిప్పి చూశాడు:
"పారించడానికి నేలేదీ, దుక్తూరా?"
నిజమే. బతుకంతా ఎకరాలు లెక్కపెట్టి
మూడో అంతస్తులో అద్దెకుంటాను.

"నా రూమెనుక పుంటికూరుంది మేడం," అన్నాడు భూమన్న.
రెండు చాపల వెడల్పు. నాలుగు మిరప మొక్కలు.
ట్యాంకు మీదికి పాకిన ఒక సొరపాదు.
ఏ రిజిస్టరూ ఎరగని నేల.

శనివారం నీళ్ళొచ్చాయి. గట్టు తెంచాడు.
ఎండిన మన్ను గుటకలేసింది.
ఇన్నేళ్ళలో ఆ చప్పుడు వినలేదు నేను,
ఎప్పుడూ మాట్లాడుతూనే ఉన్నాను కాబోలు.

ఒక మూల ఇంకా తడవలేదు.
భూమన్న ఫోను చూసుకొని
రాయీ గుడ్డపేలికా అడ్డం పెట్టి కాలువ మళ్ళించాడు.

"కొంచెం ఉండనీ," అన్నాను.

"టైమయింది మేడం.
ఇగ షంసమ్మ నీళ్లు."